గబ్బిలాల బీరువా కొనేముందు

చైనా పాత బీరువా ముందు నిలబడితే చూపంతా తలుపుల మీది బొమ్మలకే పోతుంది. అమ్మేవాడికి కావలసిందీ అదే. బీజింగ్ తూర్పు వైపు గావ్‌బేదియన్‌లో పాత కర్ర సామాను అమ్మే వీధి ఉంది. అక్కడ నాలుగు శనివారాలు తిరిగాక నాకు పట్టుబడిన విద్య ఒకటే: బొమ్మలు తర్వాత, ముందు సొరుగు బయటికి లాగి తిరగేసి చూడాలి.

సొరుగు అడుగున, బీరువా వీపున మామూలుగా బొమ్మలుండవు, చాలాసార్లు రంగు కూడా ఉండదు. అక్కడ కర్ర ఏళ్ళ తరబడి గాలి తగిలి ముదురు రంగు తిరిగి ఉండాలి. తెల్లగా, కొత్త రంపం గీతలతో కనిపిస్తే పక్క కొట్టుకి నడవండి. పాత వడ్రంగులు ఒక కర్రని నాలుకలా చెక్కి రెండో కర్ర గాడిలోకి దించి బిగించేవాళ్ళు. అక్కడ స్క్రూ కనిపించిందంటే కనీసం మరమ్మతు జరిగిందని అర్థం. ఇక అరుగుదల. అది చెయ్యి పడే చోటే ఉండాలి. గబ్బిలాల బొమ్మలున్న మా బీరువాకి మధ్యలో గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఉంది. దాని పక్కన ఎడమ తలుపు మీద బొటనవేలంత మేర ఎరుపు పోయి కింది పూత నలుపు, ఆ నలుపు మధ్యలో కర్ర కనిపిస్తాయి. నా వేలు సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. చెయ్యి తగలని పైమూలల్లో కూడా అంతే అరిగి ఉంటే ఎవరో శాండ్‌పేపర్ పట్టి ముసలిదాన్ని చేశారన్నమాట.

పాతది కదా అని ఖరీదైన కర్రనుకోకండి. చైనావాళ్ళు ‘జీతాన్’ అని ప్రాణం పెట్టే కర్ర మన శేషాచలం ఎర్రచందనమే. దాని మీద ఎవరైనా రంగు పూస్తారా? బొమ్మలేసిన సామాను లోపల ఉండేది ఎక్కువగా ఎల్మ్, పైన్ లాంటి మామూలు కర్రే. ఉత్తర చైనాలోని షాన్షీ రాష్ట్రం పల్లెల నుంచి వచ్చేవి చాలావరకు ఇలాంటివే.

పైపూతని లక్క అంటాం గానీ ఇది మన ఏటికొప్పాక లక్క కాదు. అది పురుగు ఇచ్చేది, ఇది చెట్టు పాలు. పచ్చిగా తగిలితే దద్దుర్లు వస్తాయి, గట్టిపడ్డాక ఏమీ చెయ్యదు. ఎరుపు కోసం అందులో ఇంగిలీకం కలిపేవాళ్ళు. అందులో పాదరసం ఉంటుంది కాబట్టి పాత పూతని గీకి కొత్త రంగు వేద్దామన్న ఆలోచన మానుకోండి.

తుడవడం గురించి మా అత్తయ్యగారి కథ చెప్పాలి. ఆవిడ వచ్చిన రోజే, “గబ్బిలాల బొమ్మలా! ఇంట్లో పెట్టుకుంటారటే ఎవరైనా?” అన్నారు. చైనా భాషలో గబ్బిలానికీ, అదృష్టానికీ మాట ‘ఫు’యే అని చెబితే సగమే నమ్మారు. ఉగాది ముందు రోజు నేను ఆఫీసులో ఉండగా ఇల్లంతా కడుగుతూ దీన్నీ తడిబట్టతో తుడిచారు. సాయంత్రానికి పియోనీ పువ్వు రేక ఒకటి బట్ట మీదుంది, తలుపు మీద లేదు. లక్క తడిని తట్టుకుంది గానీ, పైన జిగురు కలిపి వేసిన బొమ్మ రంగు తట్టుకోలేదు. ఆవిణ్ణి ఏమంటాం? ముందే చెప్పాల్సింది నేను. మీరైతే చెవిలో పెట్టుకునే దూది పుల్లని కాస్త తడిపి, కనిపించని మూల ఒక్కసారి అద్ది చూడండి. దూదికి రంగు అంటితే ఆ సామానుకి జన్మలో నీళ్ళు చూపించకూడదు. మెత్తటి పొడి బ్రష్ చాలు. కొబ్బరినూనె, పాలిష్ వద్దు.

బీజింగ్‌లో నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా చలికి గొట్టాల ద్వారా ఇళ్ళకి వేడి వదులుతారు. గాలి ఎండిపోయి మా తలుపు పలకలో చీలిక తెరుచుకుంటుంది, జులై వానలకి దాదాపు మూసుకుంటుంది. అందులో లప్పం కూరితే వానాకాలంలో కర్రకి సాగే చోటు లేక ఇంకోచోట చీలుతుంది. హీటరుకీ ఎండకీ దూరంగా పెట్టి, గదిలో తేమ 50 శాతం దగ్గర ఉంచితే చాలు. కాళ్ళ కింద నల్ల కాగితం పరిచి వారం తర్వాత చూడండి. పిండిలాంటి పొడి రాలి ఉంటే లోపల పురుగు ఇంకా తింటోందేమోనని అనుమానించాలి.

ఇండియాకి తెచ్చుకుందామనుకుంటే చట్టం తెలియాలి. 1911కీ అంతకు ముందుకీ చెందిన పురావస్తువుల్ని చైనా దాటించనివ్వరు. 1949 వరకు తయారైనవాటిలోనూ విలువ ఉన్నవాటిని సూత్రప్రాయంగా ఆపేస్తారు. చింగ్ రాజుల పాలన 1911 విప్లవంతోనే పోయింది. కాబట్టి “ఇది చింగ్ రాజుల కాలంది, మీ ఊరికి పంపిస్తాను” అని ఎవరైనా అంటే ఆ రెండు మాటల్లో ఒకటి అబద్ధం. మేము కొన్న కొట్టులోనూ మొదట చింగ్ కాలమే అన్నాడు. విజయవాడ పంపగలరా అని అడిగేసరికి మా బీరువా వయసు అక్కడికక్కడే యాభై ఏళ్ళు తగ్గింది. ధర మాత్రం తగ్గలేదు.