విద్యాసంస్థ గ్రంథాలయాల్లో వీడియోలు: కాపీరైట్, లైసెన్స్ విషయంలో అనుసరించవలసిన పద్ధతి
గ్రంథాలయం ఒక డీవీడీని కొన్నప్పుడు ఆ డిస్కు మాత్రమే దాని సొంతమవుతుంది. అందులోని చిత్రంపై హక్కులన్నీ హక్కుదారు దగ్గరే ఉంటాయి. డిస్కును పాఠకుడికి ఇష్యూ చేయడం, హాల్లో అందరికీ ప్రదర్శించడం, ఫైలుగా మార్చి సర్వర్లో పెట్టడం అనేవి చట్టం దృష్టిలో మూడు వేర్వేరు పనులు కాబట్టి, ఒకదానికి ఉన్న అనుమతి మరొకదానికి వర్తించదు. అందుకే కొనుగోలు ప్రతిపాదన వచ్చిన రోజే, ఆ వీడియోను ఎవరు, ఎక్కడ, ఏ రూపంలో చూడబోతున్నారో అధ్యాపకుల నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ ఒక్క కాగితం లేకపోవడం వల్లనే అనవసరమైన హక్కులకు డబ్బు చెల్లించడమూ, అవసరమైన హక్కులు లేకుండా ప్రదర్శనలు జరగడమూ రెండూ సంభవిస్తాయి.

తరువాత మీ దేశపు చట్టం ఇచ్చే మినహాయింపులను చూడాలి. భారత కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52(1)(జె), విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా జరిగే చిత్ర ప్రదర్శనను అనుమతిస్తుంది. అయితే ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, ఆ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవారు మాత్రమే అయి ఉండాలి. బయటివారిని ఆహ్వానించి నిర్వహించే చిత్రోత్సవానికి ఇది రక్షణ కాదు. అమెరికా కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 110(1) ఇంతకంటే ఇరుకైనది: లాభాపేక్ష లేని సంస్థలో, తరగతి గదిలో, ముఖాముఖి బోధనలో భాగంగా, చట్టబద్ధంగా తయారైన కాపీని చూపించాలి. ఫిల్మ్ క్లబ్ సాయంత్రం వేళ వినోదం కోసం వేసే ప్రదర్శనకు అక్కడ బహిరంగ ప్రదర్శన హక్కును విడిగా కొనవలసిందే. ఆన్‌లైన్ బోధన కోసం 2002లో వచ్చిన టీచ్ చట్టం కూడా ఇటువంటి చిత్రాల్లో సహేతుకమైన, పరిమితమైన భాగాలనే అనుమతిస్తుంది.

స్ట్రీమింగ్ విషయానికి వస్తే చట్టం కంటే ఒప్పందమే ముందు నిలుస్తుంది. చట్టం అనుమతించిన పనిని కూడా ఒప్పందంలోని ఒక వాక్యం అడ్డుకోవచ్చు కనుక, సంతకానికి ముందు ప్రతి నిబంధననూ చదవడం తప్పనిసరి. అనుమతి ఉన్న వినియోగదారుల నిర్వచనంలో దూరవిద్య విద్యార్థులు ఉన్నారా? గ్రంథాలయానికి నేరుగా వచ్చి కూర్చునే సందర్శకుల మాటేమిటి? ఒకేసారి ఎంతమంది చూడవచ్చు? హాల్లో సామూహికంగా చూపవచ్చా, పాఠంలో చిన్న క్లిప్ వాడవచ్చా, వినికిడి లోపం ఉన్నవారి కోసం క్యాప్షన్లు చేర్చవచ్చా? క్యాప్షన్ల నిబంధన లేకపోతే దాన్ని రాయించమని గట్టిగా అడగాలని నా అభిప్రాయం, ఎందుకంటే సంతకం అయ్యాక ఆ అనుమతి కోసం తిరగడం చాలా కష్టం. గడువు విషయంలోనూ జాగ్రత్త అవసరం. శాశ్వత లైసెన్స్ అని రాసినా, అది ఆ ఫైల్ ఫార్మాట్ పనిచేసినంత కాలానికే పరిమితమై ఉండవచ్చు. పాఠకులు చూసేకొద్దీ లైసెన్సులు వాటంతటవే కొనుగోలయ్యే పద్ధతిని ఎంచుకుంటే, బడ్జెట్‌కు గరిష్ఠ పరిమితిని ముందే పెట్టించాలి.

వ్యక్తిగత చందా ఖాతాలతో తరగతిలో సినిమాలు చూపించే అలవాటును అధ్యాపకుల చేత మాన్పించాలి. నెట్‌ఫ్లిక్స్ నిబంధనలు వ్యక్తిగత, వాణిజ్యేతర వినియోగానికే ఖాతాను ఇస్తాయి. అయితే తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నింటిని బోధన కోసం ప్రదర్శించుకోవడానికి ఆ సంస్థ విడిగా అనుమతి ప్రకటించింది. యూట్యూబ్ వీడియోను డౌన్‌లోడ్ చేసి దాచుకోకుండా, అసలు హక్కుదారు పెట్టిన పేజీకే లింకు ఇవ్వడం మేలు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (కొన్ని షరతులతో అందరూ వాడుకోవడానికి హక్కుదారు ముందే ఇచ్చే అనుమతి) ఉన్న వీడియోలోనూ షరతు చూడాలి: మార్పులకు అనుమతి లేని రకం అయితే దానికి తెలుగు అనువాద సబ్‌టైటిళ్లు చేర్చి పంచుకోకూడదు.

పాత వీహెచ్ఎస్ టేపులను తేలిగ్గా తీసుకోకండి. వాటిని ఆడించే యంత్రమైన వీసీఆర్‌కు చివరి తయారీదారు ఫునాయ్ 2016లో ఉత్పత్తిని ఆపివేసింది. అమెరికా చట్టంలోని సెక్షన్ 108(సి) ప్రకారం, సరసమైన ధరకు కొత్త ప్రతి దొరకదని వెతికి నిర్ధారించుకున్నాక, పాడైపోతున్న టేపుకు గ్రంథాలయం మూడు కాపీల వరకు చేసుకోవచ్చు. అయితే డిజిటల్ కాపీని గ్రంథాలయ ప్రాంగణం దాటించకూడదు. వెతికిన తేదీ, విచారించిన విక్రేతల జాబితా, వచ్చిన జవాబులు ఫైలులో భద్రపరచాలి.

సంపాదించిన హక్కులను క్యాటలాగ్‌లోకి ఎక్కించకపోతే కౌంటర్ దగ్గర ఉన్న ఉద్యోగికి అవి తెలిసే దారి ఉండదు. మార్క్ (గ్రంథాలయ క్యాటలాగ్ వివరాలను కంప్యూటర్లో నమోదు చేసే ప్రామాణిక పద్ధతి) రికార్డులో వినియోగ షరతుల కోసం 540 ఫీల్డు ఉంది. అందులో "తరగతి ప్రదర్శనకు అనుమతి ఉంది, బహిరంగ ప్రదర్శనకు లేదు, క్యాంపస్ బయట లాగిన్‌తో చూడవచ్చు" అని సూటిగా రాయాలి, ఒప్పందం ప్రతి ఎక్కడుందో కూడా చేర్చాలి. గడువు తేదీని విడిగా నమోదు చేసి, సెమిస్టర్ మొదలయ్యే ముందే ఆ జాబితాను అధ్యాపకులకు పంపితే, వారు పాఠ్యప్రణాళికలో ఆ వీడియోను ఉంచాలో, లైసెన్స్ పొడిగింపు కోరాలో సకాలంలో నిర్ణయించుకోగలుగుతారు.