నరాలకు పాకిన వాస్క్యులైటిస్: రిటుక్సిమాబ్ ముందస్తు అనుమతికి దరఖాస్తు విధానం

చిన్న రక్తనాళాల వాస్క్యులైటిస్ (రక్తనాళాల గోడల వాపు) చర్మంతో ఆగక నరాలకూ పాకినప్పుడు డాక్టర్లు రాసే మందుల్లో రిటుక్సిమాబ్ ఒకటి. ఖరీదైనది కాబట్టి బీమా అయినా, ఆరోగ్య పథకమైనా సాధారణంగా ముందస్తు అనుమతి అడుగుతాయి. ఫారం నింపడం పెద్ద పనేం కాదు. ఫైలు నిలిచేదీ పడేదీ దానికి జతచేసే డాక్టరు లేఖతోనే.

ఆ లేఖలో 'కాళ్ల మీద ఎర్రటి మచ్చలు' అని మాత్రమే ఉంటే ఫైలు వెనక్కి రావచ్చు. చర్మానికే పరిమితమైన జబ్బుకు కోల్చిసిన్, డాప్సోన్ లాంటి చవక మందులున్నాయి కదా అంటారు. ఆ మాటలో తప్పూ లేదు. అందుకే నరాల సంగతి ముందు రాయించండి. 'తిమ్మిర్లు' అంటే చాలదు. ఏ కాలు, ఏ చెయ్యి, ఎప్పటి నుంచి అన్నది ఉండాలి. 'కుడి పాదం పైకి లేవడం లేదు, చెప్పు జారిపోయినా తెలియడం లేదు' అని రాసి, నర్వ్ కండక్షన్ (నరాల పనితీరు పరీక్ష) రిపోర్టు జతచేస్తే మోనోన్యూరైటిస్ మల్టీప్లెక్స్ (వేర్వేరు చోట్ల నరాలు విడివిడిగా దెబ్బతినడం) అనుమానం చదివేవారికి వెంటనే తడుతుంది.

చర్మం బయాప్సీ రిపోర్టు తప్పక పెట్టండి. మచ్చ వచ్చిన ఒకటి రెండు రోజుల్లో తీసిన ముక్కయితే మేలు. పాత మచ్చలో ఆనవాళ్లు చెదిరిపోతాయి. ఆన్కా (కొన్ని రకాల వాస్క్యులైటిస్‌లో రక్తంలో కనిపించే యాంటీబాడీల పరీక్ష), మూత్ర పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) కూడా కావాలి. ఆన్కా నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, ఆ మాట లేఖలోనే ఉండాలి. హెపటైటిస్ బి, సి రిపోర్టులు మరవద్దు. రిటుక్సిమాబ్‌తో నిద్రాణంగా ఉన్న హెపటైటిస్ బి తిరగబెట్టొచ్చు. సి బయటపడితే చికిత్స దారే మారొచ్చు.

డోసు గడిలో శరీర ఉపరితలం చదరపు మీటరుకు 375 మి.గ్రా. చొప్పున వారానికొకటిగా నాలుగు, లేదా రెండు వారాల తేడాతో 1000 మి.గ్రా. రెండు, డాక్టరు రాసిందేదో అది వేయండి. మొదటి పద్ధతికి ఎత్తు, బరువు కావాలి. కోర్సు మొత్తానికీ ఒకేసారి అడగండి.

పాదం కొత్తగా పడిపోతే 'అత్యవసరం' గడిలో టిక్కు పెట్టించండి. డాక్టరు మొదలుపెట్టమన్న స్టెరాయిడ్‌ను మాత్రం అనుమతి కోసం ఆపకూడదు. నరం బాగా దెబ్బతిన్నాక బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని అప్పీలు చేయండి. 'ముందు సైక్లోఫాస్ఫమైడ్ ఎందుకు వాడలేదు?' అన్న ప్రశ్న తరచూ వస్తుంది. రోగనిరోధక శక్తిని అణచే ఆ పాత మందుతో సంతానలేమి, మూత్రాశయ సమస్యల ముప్పు ఉందనీ, ఆన్కా జబ్బుల్లో రిటుక్సిమాబ్ దానికి తీసిపోదని 2010 నాటి రేవ్ ట్రయల్ తేల్చిందనీ డాక్టరు చేత రాయించండి.