క్యాన్, కుడ్, మస్ట్ దగ్గర తప్పెక్కడ పడుతోంది? సమస్య - కారణం - పరిష్కారం

గ్రామర్ రూల్స్ అన్నీ చదివాం, టెస్ట్ పెడితే రాసేస్తాం, కానీ మాట్లాడేటప్పుడో మెయిల్ కొట్టేటప్పుడో మళ్ళీ అవే తప్పులు. దీనికి కారణం చాలాసార్లు ఇంగ్లీషులో కాదు, తెలుగులో దొరుకుతుంది. మనకి ఒకే క్రియ రెండు మూడు పనులు చేసిపెడుతుంది, ఇంగ్లీషులో ఆ పనులకి వేరువేరు మాటలున్నాయి. అందుకే తప్పు పడ్డ ప్రతిసారీ, ముందు మనసులో ఉన్న తెలుగు వాక్యాన్ని బయటికి తీసి చూడండి.

సమస్య: "షీ క్యాన్ సింగ్స్", "హీ మస్ట్ టు గో", "ఐ విల్ క్యాన్ కమ్".

కారణం: హీ, షీ వస్తే క్రియకి ఎస్ పెట్టాలని చిన్నప్పుడు బట్టీ పట్టాం కదా, ఆ అలవాటు ఇక్కడ కూడా వచ్చేస్తుంది.

పరిష్కారం: క్యాన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్, ఈ 9 మాటల (వీటినే మోడల్స్ అంటారు) తర్వాత వీ1, అంటే గో, సింగ్ లాంటి క్రియ అసలు రూపం మాత్రమే వస్తుంది, ఎస్ ఉండదు, మధ్యలో టు ఉండదు. రెండు మోడల్స్ పక్కపక్కన పెట్టకూడదు, "రేపు రాగలను" అనాలంటే "ఐ విల్ బీ ఏబుల్ టు కమ్". "డిడ్ నాట్ వెంట్" కూడా ఇదే రకం తప్పు, డిడ్ వచ్చాక మళ్ళీ వీ2 (వెంట్ లాంటి పాస్ట్ రూపం) ఎందుకు, "డిడ్ నాట్ గో" చాలు.

సమస్య: "డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ 6".

కారణం: "లేస్తాను". రోజూ లేస్తాను, రేపు లేస్తాను, రెండిటికీ మనకి ఒకటే మాట, ఇంగ్లీషులో మాత్రం అలవాటుకి "ఐ గెట్ అప్", రేపటికి "ఐ విల్ గెట్ అప్".

పరిష్కారం: "స్తాను" అని నోట్లోకి రాగానే ఇది రోజూనా రేపా అని ఒక్కసారి అడుక్కోండి. రోజూ అయితే విల్ తీసెయ్యండి. అలాగే "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అని కూడా చాలామంది రాస్తారు, రేపటి సంగతి కాబట్టి విల్ ఉండాలనుకుంటారు. మన "వాన పడితే"లో భవిష్యత్తు ఎక్కడైనా ఉందా? లేదు కదా. ఇంగ్లీషులో కూడా ఇఫ్ పక్కన విల్ వద్దు, రెండో ముక్కలో పెట్టండి: "ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ స్టే ఎట్ హోమ్".

సమస్య: జరిగిపోయిన విషయం చెప్తుంటే అవతలివాళ్ళకి వేరేలా అర్థమవుతోంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే, ఎందుకంటే మిగతా తప్పులు చాలావరకు వినడానికి బాగోవు అంతే, ఇక్కడ అర్థమే తిరగబడిపోతుంది.

కారణం: కుడ్ అంటే క్యాన్‌కి పాస్ట్ అని ఒక్క ముక్క నేర్చుకుని ఆగిపోతాం. మస్ట్‌కి అసలు పాస్ట్ రూపమే లేదు, దాంతో "ఎస్టర్‌డే ఐ మస్ట్ గో" అని వచ్చేస్తుంది.

పరిష్కారం: తెలుగు క్రియ చివర్లు పట్టుకోండి, పని చాలా తేలికైపోతుంది. "వెళ్ళాల్సొచ్చింది" అంటే "హ్యాడ్ టు గో", వెళ్ళాను అన్నమాట. "వెళ్ళుండాల్సింది" అంటే "షుడ్ హావ్ గాన్", అంటే వెళ్ళలేదు. ఈ రెండూ తారుమారైతే వెళ్ళినవాడు వెళ్ళనట్టు అయిపోతాడు. "వెళ్ళుంటాడు" అని గట్టిగా అనుకుంటే "మస్ట్ హావ్ గాన్", "వెళ్ళుండొచ్చు" అని అనుమానంగా అంటే "మైట్ హావ్ గాన్". ఇలాంటి చోట హావ్ తర్వాత ఎప్పుడూ వీ3 (గాన్ లాంటి మూడో రూపం), "షుడ్ హావ్ వెంట్" కాదు.

ఇక కుడ్. ఒకప్పుడు ఉన్న సామర్థ్యానికి బాగానే పనిచేస్తుంది, "ఐ కుడ్ స్విమ్ వెన్ ఐ వాజ్ 5". కానీ ఒక్కసారి కష్టపడి సాధించిన పనికి "ఐ కుడ్ పాస్ ద ఎగ్జామ్" అంటే పాసయ్యారన్న సంగతి అవతలివాళ్ళకి చేరదు, పాసవ్వొచ్చేమో అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ "ఐ వాజ్ ఏబుల్ టు పాస్" అనండి, లేదా "మేనేజ్డ్ టు పాస్", లేదా హాయిగా "ఐ పాస్డ్". "చెయ్యలేకపోయాను" అన్నప్పుడు మాత్రం "కుడ్ నాట్" ఎక్కడైనా ఓకే.

సమస్య: "రేపు నువ్వు రానక్కర్లేదు" అని చెప్పబోయి "యూ మస్ట్ నాట్ కమ్ టుమారో" అనేశారు, అవతలి మనిషి బాధపడ్డారు.

కారణం: "మస్ట్", "హావ్ టు" రెండిటికీ "తప్పనిసరి" అనే చదువుకున్నాం, నాట్ చేరితే రెండూ విడిపోతాయని ఎవరూ చెప్పలేదు.

పరిష్కారం: కూడదు అయితే "మస్ట్ నాట్", అక్కర్లేదు అయితే "డోంట్ హావ్ టు". మన తెలుగులో ఈ తేడా స్పష్టంగా ఉంది కాబట్టి కలిసిపోయే అవకాశమే లేదు.

సమస్య: "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019".

కారణం: "2019 నుంచి పనిచేస్తున్నాను"ని ఉన్నదున్నట్టు మార్చడం.

పరిష్కారం: "నుంచి" కనబడి పని ఇంకా నడుస్తుంటే "హావ్ బీన్ వర్కింగ్". దీనికి రివర్స్‌లో, "నిన్న" ఉంటే హావ్ వద్దు, "ఐ సా హిమ్ ఎస్టర్‌డే" అంతే.

సమస్య: ఆఫీస్ మెయిల్లో "ఐ వుడ్ బీ ఆన్ లీవ్ టుమారో".

కారణం: వుడ్ పెడితే మర్యాదగా ఉంటుందనుకోవడం. మర్యాద అడిగేటప్పుడు వస్తుంది, "వుడ్ యూ ప్లీజ్ సెండ్ ద ఫైల్" లాగా. సమాచారం చెప్పేటప్పుడు వుడ్ పెడితే, ఏదో షరతు ఉందేమో, ఇఫ్ ఎక్కడుందా అని చదివేవాళ్ళు వెతుక్కుంటారు.

పరిష్కారం: ఖాయమైన విషయానికి విల్. వుడ్‌కి అసలైన చోటు ఇంకొకటుంది, "వస్తానన్నాడు". మనం "వస్తాను" అన్న మాటని అలాగే ఉంచి "అన్నాడు" తగిలిస్తాం, ఇంగ్లీషులో సెడ్ వచ్చిందంటే మామూలుగా విల్ కాస్తా వుడ్ అవుతుంది: "హీ సెడ్ హీ వుడ్ కమ్". ఆయన రావడం ఇంకా ముందుంటే మాత్రం "హీ సెడ్ హీ విల్ కమ్" అన్నా తప్పు కాదు.