మేడను చదవడం, 4వ పాఠం: పనా, నగా?

పోయిన పాఠంలో మీ వీధిలో ఏదో ఒక మేడ ముఖం గీయమన్నాను. ఆ కాగితం తీయండి, ఇవాళ పనంతా దాని మీదే.

ఆధునిక కట్టడమంటే నగిషీ లేని బోసిగోడ అనుకుంటాం. అడాల్ఫ్ లూస్ అనే వాస్తుశిల్పి 1910 ప్రాంతంలో వియన్నాలో నగిషీని నేరంతో ముడిపెట్టి ఉపన్యాసమిచ్చాడు, ఆ మాట అలా నిలిచిపోయింది. కానీ అదే రోజుల్లో ఆయన అదే ఊళ్లో కట్టిన మేడ చూస్తే పైన వట్టి తెల్ల గార, కింద మాత్రం ఆకుపచ్చ చారల ఖరీదైన పాలరాయి! అంటే ఉలి పని మానేశాడు గానీ సోకు మానలేదు. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటును ఒక్క పువ్వు కూడా చెక్కకుండా పలకలుగా గోడకు అంటిస్తామే, అదీ ఇదే లెక్క.

ఇక పరీక్ష. బొమ్మలో ఒక్కో భాగాన్ని వేలితో మూసి, ఇది లేకపోతే ఏమవుతుందని అడగండి. మేడ కూలుతుందా, ఎండా వానా లోపలికొస్తాయా, ఏమీ కాదా? మొదటి రెండిట్లో ఏదైనా అయితే అది 'పని', ఏమీ కాకపోతే 'నగ'.

న్యూయార్క్‌లో వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రో కట్టిన సీగ్రమ్ భవనం (1958) దగ్గర ఈ ప్రశ్న తమాషాగా ఉంటుంది. నిప్పు భయంతో ఉక్కు చట్రాన్ని కాంక్రీటుతో కప్పాలన్నది అక్కడి రూలు. చట్రం కనబడకుండా పోయింది కాబట్టి ఆయన బయట కిటికీల మధ్య నిలువునా కంచు దూలాలు బిగించాడు. మేడ బరువును అవి ఏమీ మోయవు. నడుం లోపల దాగిందని పైన వడ్డాణం పెట్టినట్టు!

కావలిలో మా అమ్మమ్మ వాళ్లింటి పడమటి వరండాకు సిమెంటు జాలీ ఉండేది. నేను దాన్ని ఉత్త నగ అని రాసుకున్నాను. తర్వాత దాన్ని తీసేసి అద్దాల కిటికీలు పెట్టించారు, మే నెలలో సాయంత్రం నాలుగింటికి అక్కడ కూర్చోలేకపోయాం. దక్షిణం వైపు ఎండ నడినెత్తికి దగ్గరగా వస్తుంది కాబట్టి సన్‌షేడ్ చాలు, పడమటి ఎండ కిందికి వాలి సన్‌షేడ్ కిందనుంచి దూరిపోతుంది, దానికి జాలీయో నిలువు పలకలో కావాలి. చండీగఢ్ సచివాలయానికి వాస్తుశిల్పి లె కార్బూజియే లోతైన కాంక్రీటు గూళ్లు పెట్టింది కూడా ఎండ కోసమే, అందం వాటి వెంటే వచ్చింది.

ఇప్పుడు మీ బొమ్మలో ప్రతి భాగం పక్కన 'పని', 'నగ', 'రెండూ' అని రాయండి. నగ అని రాసినవాటిని సాయంత్రం నాలుగింటికి వెళ్లి మళ్లీ చూడండి, నీడ ఎక్కడ పడుతోందో పెన్సిల్‌తో గీయండి. వచ్చే పాఠంలో వరండా గ్రిల్లు.