షేడ్‌నెట్ కింది నారును ఎండకు అలవాటు చేయడం: ఆకులోని యాంటీఆక్సిడెంట్లకు గడువు ఎలా ఇవ్వాలి

షేడ్‌నెట్ కింద ప్రోట్రేల్లో (గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలు) పెంచిన మిరప, టమాటా, వంగ నారు పచ్చగా, ఏపుగా ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా తీసుకెళ్లి పొలంలో పెడితే రెండు మూడు రోజుల్లో పై ఆకులు తెల్లగా పాలిపోతాయి, ఆ మచ్చలు కాగితంలా ఎండిపోతాయి. నీళ్లు చాలలేదనో, తెగులు తగిలిందనో అనుకుని మందు కొట్టేవాళ్లే ఎక్కువ. అక్కడ జరిగింది వేరు. ఆకు వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ వెలుతురు దాని మీద పడింది, మిగులును సర్దుకునే సరంజామా ఆకులో ఇంకా తయారు కాలేదు. అది తయారవడానికి కావలసింది వారం పది రోజుల గడువు.

ముందు వెలుతురు లెక్క

మబ్బు లేని మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు లక్ష లక్సులు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. 50 శాతం నెట్ కింద అందులో సగం, 75 శాతం నెట్ కింద పాతిక వేలు. అంటే 75 శాతం నెట్ నుంచి నేరుగా బయటికి తెస్తే ఆకు మీద వెలుతురు నాలుగు రెట్లవుతుంది. పాతబడి దుమ్ము పట్టిన నెట్ రాసి ఉన్న శాతం కంటే ఎక్కువ నీడే ఇస్తుంది, కాబట్టి ఓసారి కొలవడం మంచిది. ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్ చాలు. అది చూపే అంకెను నమ్మక్కర్లేదు, ఒకే ఫోన్‌తో నెట్ కింద, బయట కొలిచి నిష్పత్తి చూసుకోండి. ఎండలో అంకె ఒకచోట ఆగిపోయి కదలకపోతే సెన్సర్ తట్టుకోలేకపోయిందని అర్థం. అప్పుడు తెల్ల కాగితాన్ని మడిచి సెన్సర్ మీద పెట్టి, రెండుచోట్లా అలాగే కొలవండి.

ఆకు లోపల ఏం జరుగుతుంది

పత్రహరితం వెలుతురును పట్టుకునే వేగం ఎండను బట్టి ఉంటుంది. దాన్ని వాడి కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే వేగం ఎంజైములను బట్టి ఉంటుంది. ఎండ పెరిగినంత తొందరగా ఎంజైములు పెరగవు. మిగిలిపోయిన శక్తి పక్కనే ఉన్న ఆక్సిజన్ మీద పడుతుంది. హరితరేణువులో, అంటే ఆకు కణంలో పత్రహరితం ఉండే సంచిలో, ఇది రెండుచోట్ల జరుగుతుంది: వెలుతురును పట్టే ఫోటోసిస్టమ్ అనే రెండు ప్రోటీన్ సముదాయాల దగ్గర. రెండో ఫోటోసిస్టమ్ దగ్గర పత్రహరితం తన శక్తిని ఆక్సిజన్‌కు దాటించి సింగ్లెట్ ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. ఒకటో ఫోటోసిస్టమ్ దగ్గర ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు చేరి సూపర్ ఆక్సైడ్ అవుతుంది. పారాక్వాట్ అనే కలుపుమందు పనిచేసేది సరిగ్గా ఈ ఒకటో ఫోటోసిస్టమ్ దగ్గరే. అందుకే అది ఎండలో గంటల్లో ఆకును మాడుస్తుంది.

సింగ్లెట్ ఆక్సిజన్, సూపర్ ఆక్సైడ్ రెండూ ఆకును లోపలి నుంచి దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు. వీటిని అణిచేవాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. సింగ్లెట్ ఆక్సిజన్‌ను అక్కడికక్కడే అణిచేవి బీటా కెరోటిన్, పొరల్లో ఉండే విటమిన్ ఇ. సూపర్ ఆక్సైడ్ దారి వేరు. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్‌ను ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ నీరుగా మారుస్తుంది. ఈ పనికి అది ఖర్చు చేసేది విటమిన్ సి, అంటే ఆస్కార్బేట్. ఖర్చయిన విటమిన్ సిని గ్లూటాథయాన్ తిరిగి నిలబెడుతుంది. ఈ గొలుసులో ఒక బలహీనత ఉంది: ఆస్కార్బేట్ బాగా తగ్గిపోతే హరితరేణువులోని ఆ పెరాక్సిడేజ్ ఎంజైమే త్వరగా చెడిపోతుంది. నిల్వ అడుగంటిందంటే పెరాక్సైడ్ పేరుకుంటుంది, అది ఇనుముతో కలిస్తే మరింత ప్రమాదకరమైన హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. పొద్దున బాగున్న ఆకు సాయంత్రానికి పాలిపోవడానికి ఇదొక కారణం. పరిశోధనల్లో ఎక్కువగా వాడే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కల్లో విటమిన్ సి మామూలులో మూడో వంతు కంటే తక్కువ తయారయ్యే రకం ఒకటుంది. తక్కువ వెలుతురులో బాగానే పెరిగే ఆ మొక్కలను ఒక్కసారిగా ఎక్కువ వెలుతురులోకి మారిస్తే ఆకులు తెల్లబడతాయి.

ఈ రక్షణలు అన్నీ ఒకే వేగంతో రావు. ఎండ తగిలిన నిమిషాల్లోనే వయోలాజాంథిన్ అనే పసుపు వర్ణకం జియాజాంథిన్‌గా మారి, మిగులు శక్తిని వేడిగా వదిలించడానికి తోడ్పడుతుంది. ఈ మార్పుకూ విటమిన్ సి కావాలి. రెండో ఫోటోసిస్టమ్‌లో దెబ్బతిన్న డీ1 అనే ప్రోటీన్‌ను తీసేసి కొత్తది పెట్టుకోవడం గంటల పని. విటమిన్ సి నిల్వ, ఎంజైములు పెరగడానికి రోజులు పడుతుంది. మందంగా, చిన్నగా ఉండే అసలైన ఎండ ఆకు మాత్రం కొత్త చిగురు నుంచే వస్తుంది. మామిడి లేత చిగురు రాగి రంగులో ఉండేది ఆంథోసయనిన్ అనే ఎర్రటి వర్ణకం వల్ల. అది కూడా లేత కణజాలానికి కొంత తెరలా పనిచేస్తుంది. నారు లేత కాండం మీద ఎండలో కాస్త ఊదా రంగు తేలితే కంగారు పడొద్దు.

అలవాటు చేసే పద్ధతి

నాటడానికి 9, 10 రోజుల ముందు మొదలుపెట్టండి. మిరపకైతే నారు వయసు సుమారు 30 రోజులు ఉన్నప్పుడు, టమాటాకైతే ఇంకా ముందే. కింది వేళలు 50 శాతం నెట్‌కు సరిపోతాయి. 75 శాతం నెట్ కింద పెంచిన నారును ముందు నాలుగు రోజులు 50 శాతం నెట్ కిందికి మార్చి, ఆ తర్వాతే బయటికి తేవాలి.

1, 2 రోజులు: పొద్దున 9 దాకా మాత్రమే నేరుగా ఎండ.
3, 4 రోజులు: పొద్దున పదిన్నర దాకా, సాయంత్రం 4 తర్వాత మళ్లీ.
5, 6 రోజులు: మధ్యాహ్నం 12 దాకా, మూడున్నర తర్వాత మళ్లీ.
7, 8 రోజులు: 12 నుంచి 2 దాకా మాత్రమే నీడ.
9వ రోజు నుంచి పూర్తి ఎండ.

ట్రేలు మోయడం కంటే నెట్‌ను ఒక పక్క చుట్టేసి, వేళకు దించడం తేలిక.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. నారు గట్టిపడాలంటే నీళ్లు తగ్గించాలన్న మాట నిజమే కానీ, మొక్క వాడేదాకా ఎండగడితే పని చెడుతుంది. వాడిన ఆకు పత్రరంధ్రాలు మూసుకుంటుంది, లోపలికి కార్బన్ డయాక్సైడ్ రాదు, అదే వెలుతురులో మిగులు ఇంకా పెరుగుతుంది. ప్రోట్రే గుంటలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కొద్దిగానే పడుతుంది, ఎండలో తొందరగా ఆరిపోతుంది. పొద్దున తడపండి. మధ్యాహ్నం పైపొర పొడిగా కనిపించి, వేలితో నొక్కితే లోపల చెమ్మ తగలాలి. నీడలో సాయంత్రం దాకా సరిపోయిన తడి, 5వ రోజు నుంచి ఎండలో ఒంటిగంటకే అయిపోవచ్చు, మళ్లీ పెట్టండి. నాటడం ఎప్పుడూ సాయంత్రం నాలుగు తర్వాతే, నాటిన వెంటనే తడి ఇవ్వాలి.

జూన్ నుంచి ఆగస్టు దాకా నారు పోసేవాళ్లకు ఇంకో చిక్కుంది. నాలుగైదు రోజులు ముసురు పట్టి, తర్వాత ఒక్కసారిగా ఆకాశం తేరుకుంటుంది. ఆ ముసురులో ఆకు తన రక్షణలను కొంత తగ్గించుకుంటుంది కాబట్టి, ఎండకు అలవాటైన నారుకు కూడా తేరుకున్న మొదటి రెండు రోజులు 11 నుంచి 3 దాకా నెట్ దించండి. చలికాలపు పొద్దుల్లో, ముఖ్యంగా ఆదిలాబాద్, అరకు వైపు, సమస్య వేరే దారిలో వస్తుంది: చలికి ఎంజైములు మందగిస్తాయి, వెలుతురు మాత్రం తగ్గదు. అక్కడ చలి విరిగాక, 8 దాటిన తర్వాతే నెట్ తీయడం మేలు.

పోషకాలు

సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్‌లో ఒక రకానికి రాగి, జింక్ కావాలి. జింక్, మెగ్నీషియం, పొటాష్ లోపించిన మొక్కలు ఎండకు తొందరగా పాలిపోతాయి. ఇలాంటి మొక్కలో ఒక ఆకును సగం నీడలో ఉంచితే ఆ సగం పచ్చగానే ఉంటుంది. లోపం లక్షణాలు కనిపిస్తేనే లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 2 గ్రాములు, లేదా మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. లేత నారుకు మొదట సగం మోతాదుతో నాలుగు మొక్కల మీద చూడండి. జింక్ సల్ఫేట్‌ను భాస్వరం ఎరువులతో కలపకూడదు. విటమిన్ సి పేరుతో అమ్మే ద్రావణాలకు డబ్బు పెట్టే ముందు పై పద్ధతి పాటించి చూడండి. ఆకు తన విటమిన్ సిని తనే తయారు చేసుకుంటుంది.

మచ్చ ఎండదేనా అని తేల్చుకోవడం

ఎండ మచ్చ ఆకాశం వైపు తిరిగిన ఆకుల మీదే వస్తుంది. ఒక ఆకు మీద మరో ఆకు నీడ పడినచోట ఆ నీడ అచ్చు పచ్చగా మిగిలిపోతుంది, అంతకంటే మంచి గుర్తు లేదు. అనుమానం తీరకపోతే బాగున్న ఆకు మీద అరంగుళం వెడల్పు అల్యూమినియం ఫాయిల్ ముక్కను వదులుగా మడిచి, మూడు రోజులుంచండి. ఫాయిల్ కింద పచ్చగా, చుట్టూ పాలిపోయి ఉంటే కారణం వెలుతురే, అయితే పైన చెప్పిన జింక్, మెగ్నీషియం, పొటాష్ లోపం దానికి తోడై ఉండొచ్చు. రెండుచోట్లా పాలిపోతే వేరే లోపమో, తెగులో చూడాలి.

ల్యాబ్ ఉన్న కళాశాలల్లో పెరాక్సైడ్‌ను నేరుగా చూడొచ్చు. 50 మి.లీ. నీటిలో 50 మి.గ్రా. డయామినోబెంజిడిన్ వేసి, ఆమ్లంతో పీహెచ్ 3.8కి తెచ్చి కరిగించండి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి, ఇది క్యాన్సర్ కారకమని అనుమానమున్న రసాయనం. నెట్ కింది ఆకులు, రెండు గంటలు మధ్యాహ్నపు ఎండలో ఉంచిన ఆకులు కోసిన వెంటనే అందులో ముంచి, చీకట్లో 4 నుంచి 8 గంటలు ఉంచండి. తర్వాత ఆల్కహాల్‌లో వేసి, మంట తగలకుండా వాటర్ బాత్‌లో పత్రహరితం పోయేదాకా వేడి చేస్తే, పెరాక్సైడ్ ఉన్నచోట గోధుమ రంగు మిగులుతుంది. మరో గిన్నెలో ఇదే ద్రావణానికి 50 మి.లీ.కి 88 మి.గ్రా. ఆస్కార్బిక్ ఆమ్లం కలిపి పోల్చండి, రంగు బాగా తగ్గాలి. ద్రావణం ముందే గోధుమ రంగులోకి తిరిగితే పారేసి కొత్తది చేసుకోవాలి. రంగు రావడానికి ఆకులోని పెరాక్సిడేజ్ అవసరం, కాబట్టి ముందే ఉడికిన ఆకుతో ఏమీ కనిపించదు.

మచ్చ పడిన భాగం మళ్లీ పచ్చబడదు. అయినా ఆ ఆకును గిల్లేయకండి, మిగిలిన పచ్చ భాగం చిగురుకు తిండి పెడుతుంది. నెట్ వేసి, రెండు మెట్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. ఆ వారం యూరియా వేయొద్దు, అది తెచ్చే మెత్తటి చిగురు ఎండకు ఇంకా తొందరగా లొంగుతుంది. కొత్తగా విప్పుకున్న రెండు ఆకులు మచ్చ లేకుండా నిలిస్తే నారు నాటుకు సిద్ధం.