తాడు ఎక్కడిదాకా పోయింది? మూడో పాఠం: ఒక ట్రాలీ పత్తి

పోయిన పాఠంలో యూరియా బస్తా ముందు పెట్టుకుని, దాని మీద అచ్చేసిన ధర ఎవరిదో కనుక్కొమ్మన్నాను. అందరికీ ఢిల్లీ దొరికే ఉంటుంది, యూరియా ధర కేంద్రమే నిర్ణయిస్తుంది కాబట్టి అది సులువు. ఈసారి పత్తి. ఇది అంత సులువు కాదు, ఎందుకంటే ఇందులో నాలుగు తాళ్లు, అంటే నాలుగు నిర్ణయాలు నడిచొచ్చిన దారులు, పెనవేసుకుని ఉంటాయి, ఒకటి లాగుతున్నామనుకుని ఇంకోటి లాగుతుంటాం.

కొత్తగా చేరినవాళ్లకు ఒక ముక్క. ఈ పాఠాల్లో నేర్చుకునే పని ఒక్కటే. మన ఊళ్లో మన మీద పడ్డ ఒక నిర్ణయాన్ని పట్టుకుని, అది ఎవరి చేతిలోంచి వచ్చిందో వెనక్కి నడుచుకుంటూ పోవడం. ‘ప్రపంచీకరణ వల్ల దేశాల సార్వభౌమాధికారం క్షీణించింది’ అని గ్రూప్స్ ఎస్సేల్లో రాస్తాం కదా, నేనూ రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ ఏ విషయంలో క్షీణించింది, ఎంత క్షీణించింది, ఎవరికి పోయింది అని పక్కనున్నవాడు అడిగితే నోరు రాలేదు. అందుకే మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం: కాగితం ఏది? దాని మీద సంతకం ఎవరిది? రేపు దాన్ని మార్చాలంటే ఎవరిని అడగాలి? మూడోదాన్నే మనవాళ్లు వదిలేస్తారు.

ఇక ట్రాలీ దగ్గరికి వద్దాం. దీపావళి దాటాక మా బావ పత్తి వేసుకుని నల్లగొండ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లుకు పోతుంటే తోడు పోయాను. యాప్‌లో స్లాట్ బుక్ చేసింది మేనల్లుడు, రాత్రంతా మంచులో లైన్లో ఉన్నది మేమిద్దరం. పొద్దున మద్దతు ధరకు కొనే ప్రభుత్వ మనిషి వచ్చి తేమ మీటర్ పుల్లలు పత్తిలోకి దూర్చాడు. 13.6. ఇంకోచోట దూర్చాడు, 14.1. మీటర్ అబద్ధం చెప్పలేదు, పైన పత్తి చేతికి చెమ్మగానే తగులుతోంది.

“ఎండవోస్కొని రాన్నా” అన్నాడు ఆ పిల్లగాడు, పాపం వాడికీ నిద్ర లేదు.

బావ ట్రాలీ ఎక్కి కూర్చుని, “అమెరికోడు చెప్పినట్టు మనోళ్లు ఆడుతున్రు, ఇగ మన చేతుల ఏమున్నది” అన్నాడు.

ఈ వాక్యమే ఇవాళ్టి లెక్క. ఇందులో ఎంత నిజం?

మొదటి తాడు మీటర్. 2025–26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. అది తేమ 8 శాతం ఉంటేనే. ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత, 12 దాటితే అసలు కొనరు. అంటే 12 దగ్గర బావకు వచ్చేది 7,785 రూపాయల చిల్లర, 13.6 దగ్గర వచ్చేది సున్నా. ఈ 12 అనే అంకె ఎక్కడ పుట్టింది? ప్రపంచ వాణిజ్య సంస్థ ఉన్న జెనీవాలో కాదు, వాషింగ్టన్‌లోనూ కాదు. అది కేంద్ర ప్రభుత్వ కొనుగోలు నిబంధన, కేంద్రం తలచుకుంటే ఒక్క ఉత్తర్వుతో 14 చేయొచ్చు. చేయడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ (తడి పత్తి బేలు కడితే రంగు మారుతుందని మిల్లువాళ్లంటారు, అదీ నిజమే). కానీ తాడు మాత్రం ఢిల్లీ దాటి పోలేదు. అంటే మీటర్ విషయంలో బావ తిట్టు తప్పు చిరునామాకు పోయింది.

రెండో తాడు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. 2021 బడ్జెట్లో విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం వేశారు. 2025 ఆగస్టు 19 నుంచి దాన్ని ఎత్తేశారు, మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మన దగ్గర పత్తి తీసేది ఎప్పుడు? దసరా అటూ ఇటూ మొదలై సంక్రాంతి దాకా. అంటే సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే రోజుల్లోనే బయటి పత్తికి గేటు తెరిచారు. అదే ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. బట్టల మిల్లులు కుదేలవుతున్నాయి, వాటికి చవక పత్తి కావాలి, ఇదీ ప్రభుత్వం వైపు వాదన. మనకు పత్తి అమ్మే దేశాల్లో అమెరికా కూడా ఉంది, అందుకే బావలాంటివాళ్లకు అనుమానం.

సరే, మూడు ప్రశ్నలు వేద్దాం. కాగితం: ఆర్థిక శాఖ నోటిఫికేషన్. సంతకం: మనవాళ్లదే. 1962 కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రజా ప్రయోజనం పేరు మీద కేంద్రం ఏ సుంకాన్నైనా నోటిఫికేషన్‌తో మినహాయించొచ్చు, ముందుగా పార్లమెంటులో ఓటు కూడా అక్కర్లేదు. మార్చాలంటే ఎవరిని అడగాలి? మళ్లీ వాళ్లనే. ప్రపంచ వాణిజ్య సంస్థ అడ్డం రాదా అంటే, రాదు. ప్రతి సరుకుకూ ‘బౌండ్ రేటు’ అని ఒక పై కప్పు ఉంటుంది, సుంకం దాన్ని దాటొద్దు. మన వ్యవసాయ సరుకులకు ఆ కప్పు సగటున వంద శాతం పైన ఉంది. 11 శాతం దగ్గర నిలబడ్డవాడి తల ఆ కప్పుకు తగులుతుందా?

కాబట్టి నోటుబుక్‌లో ఒక గీత గీసి ఇటు ‘ముడి’, అటు ‘ఒత్తిడి’ అని రాసుకోండి. ముడి అంటే ఒప్పందంలో రాసి ఉన్నది, దాటితే కేసు పడేది. ఒత్తిడి అంటే రాసి లేనిది, కానీ భయపెట్టేది. సుంకం ఎత్తేయడం ఒత్తిడి గడిలోకి పోతుంది. ‘అంతర్జాతీయ పరిస్థితుల వల్ల తప్పలేదు’ అని ఏ మంత్రైనా అన్నప్పుడు, అది ఏ గడో అడగండి. ఒత్తిడికి లొంగడం కూడా నిర్ణయమే, దానికీ ఒక సంతకం ఉంటుంది.

మరి నిజంగా ముడి ఎక్కడుంది? మూడో తాడులో, అంటే 8,110 అనే అంకెలోనే. 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మరాకేశ్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద మన దేశం తరఫున సంతకం పెట్టారు, 1995 జనవరి 1 నుంచి ఆ సంస్థ మొదలైంది. అందులోని వ్యవసాయ ఒప్పందం ప్రకారం మనలాంటి దేశం ఒక పంటకు ఇచ్చే ధర మద్దతు ఆ పంట మొత్తం విలువలో 10 శాతం దాటొద్దు. ఇందులో మెలిక ఏమిటంటే, మద్దతు ఎంతో కొలవడానికి ఇవాళ్టి మార్కెట్ ధర తీసుకోరు, 1986–88 నాటి ధర తీసుకుంటారు. బావ వాళ్ల నాన్న పత్తి అమ్మిన రోజుల ధర పక్కన ఇవాళ్టి మద్దతు ధర పెట్టి, చూడండి ఎంత తేడా, ఇదంతా సబ్సిడీనే అంటారు. దీన్ని పట్టుకునే 2018 నవంబర్‌లో అమెరికా, భారత్ పత్తికి పరిమితి దాటి మద్దతిస్తోందని అక్కడ లెక్క దాఖలు చేసింది. లెక్క దాఖలు చేయడం కేసు వేయడం కాదు, అది గుర్తుంచుకోండి, పేపర్లలో రెండూ ఒకటే అన్నట్టు రాస్తారు.

ఇంకో సంగతి. వ్యవసాయం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. ఒప్పందాలు చేసుకునే అధికారం కేంద్రానిది, 253వ అధికరణం ప్రకారం ఒప్పందం అమలు కోసం రాష్ట్రాల విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చేయొచ్చు. అంటే మరాకేశ్‌లో కట్టిన ముడి మన అసెంబ్లీని అడగకుండానే మన చేను దాకా వచ్చింది. ఎస్సే రాసేవాళ్లు సార్వభౌమాధికారం అంటే ఢిల్లీకీ జెనీవాకూ మధ్య గొడవ అనుకుంటారు, హైదరాబాద్‌ను మర్చిపోతారు.

ముడి అందరికీ ఒకే బిగువుగా ఉండదు. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ కేసు వేసి గెలిచింది, 2005లో అప్పీల్‌లోనూ గెలిచింది. అమెరికా ఏం చేసింది? సబ్సిడీ పూర్తిగా మానేయకుండా, బ్రెజిల్ పత్తి రైతుల కోసం ఏటా 14.73 కోట్ల డాలర్లు ఇస్తామని 2010లో ఒప్పుకుంది, 2014లో ఇంకో 30 కోట్ల డాలర్లిచ్చి గొడవ ముగించింది. ఊళ్లో పెద్ద ఆసామి పంచాయతీలో ఓడిపోయి, జరిమానా కట్టి, మళ్లీ అదే గట్టు మీదుగా బండి తోలుకుపోయినట్టు. మనకు ఆ స్తోమత లేదు.

ఇక నాలుగో తాడు విత్తనం. నాకు ఇష్టమైన తాడు ఇదే, ఎందుకంటే ఇది మనవైపు లాగి చూపించిన తాడు. 2002లో బీటీ పత్తికి, అంటే కాయ తొలిచే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తికి, అనుమతి వచ్చింది. కొన్నేళ్లకే 450 గ్రాముల ప్యాకెట్‌లో టెక్నాలజీ ఫీజే 1,250 రూపాయలు అయింది. మోన్‌శాంటో విదేశీ కంపెనీ, టెక్నాలజీ వాళ్లది, మనమేం చేస్తాం అని ఎవరైనా చేతులెత్తేయొచ్చు. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎత్తేయలేదు. గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్‌కు పోయింది, 2006లో మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకుంది, ప్యాకెట్‌ను 750 రూపాయలకు దించింది, 2007లో సొంతంగా పత్తి విత్తనాల చట్టమే చేసుకుంది. గద్వాల నడిగడ్డలో క్రాసింగ్ చేసి ఆ విత్తనం పండించే రైతులకు ఎంత దక్కిందన్నది వేరే కథ, అది బాధాకరమైన కథ, ఇంకో పాఠంలో చెప్తాను. ఇక్కడ చూడాల్సింది, ఒక రాష్ట్ర ప్రభుత్వం తాడు పట్టుకుంటే అమెరికా కంపెనీ చెయ్యి కదిలిందని. తర్వాత 2015 డిసెంబర్‌లో ధర నియంత్రణ ఉత్తర్వుతో ఆ తాడును కేంద్రం తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు ప్యాకెట్ ధర మార్చమని సచివాలయం ముందు ధర్నా చేస్తే లాభం లేదు.

ఇప్పుడు బావ వాక్యానికి మార్కులేద్దాం. మీటర్‌కు సున్నా. సుంకానికి సగం. మద్దతు ధరకు ఆయన అనని మాటకే మార్కులివ్వాలి, నిజమైన ముడి అక్కడ ఉంది కాబట్టి. విత్తనానికి మళ్లీ సున్నా. ఇది చెప్తే ఆయన, “నీ మార్కులు ట్రాక్టర్ కిరాయికి వస్తయా?” అన్నాడు. రెండు రోజులు ఎండబోసి మళ్లీ తెచ్చాం, 11 వచ్చింది.

వచ్చే పాఠానికి పని. మహబూబ్‌నగర్ వైపు పోయేటప్పుడు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) గేటు ముందు ఒక నిమిషం ఆగండి. 2005 సెజ్ చట్టం 53వ సెక్షన్ ప్రకారం, సుంకాల లెక్కలో ఆ గేటు లోపలి నేల మన దేశపు కస్టమ్స్ హద్దుకు బయట ఉన్నట్టు లెక్క. లోపల తయారైన సరుకు ఇటు మనకు అమ్మితే దిగుమతి చేసుకున్నట్టు సుంకం కట్టాలి. మూడు ప్రశ్నలూ వేసి జవాబులు నోటుబుక్‌లో రాయండి. ఒక్క హింట్ ఇస్తాను: నేల సంగతి ఢిల్లీలో ఆగిపోతుంది, కానీ లోపలి కంపెనీలకు ఇచ్చే పన్ను రాయితీల తాడు 2019 అక్టోబర్‌లో జెనీవాలో మనకు వ్యతిరేకంగా వచ్చిన ఒక తీర్పు దాకా పోతుంది. ఆ తీర్పు మీద మనం అప్పీలు చేశాం. అప్పీలు వినాల్సిన బెంచీలో జడ్జీలు ఎందుకు లేరో, వాళ్లను వేయకుండా ఆపింది ఏ దేశమో కూడా కనుక్కుని రండి.