వాల్వు ఆంప్లిఫయర్ మనమే చూసుకుందాం – 5వ పాఠం: వాల్వుల పెట్టె మీది ‘మ్యాచ్‌డ్ పెయిర్’ (జోడీ) చీటీని ఎంతవరకు నమ్మాలి?

స్పీకరును నడిపే ఈఎల్34, 6ఎల్6జీసీ పవర్ వాల్వులు రెండూ ఎనిమిది పిన్నుల ఆక్టల్ సాకెట్‌లోనే కూర్చుంటాయని గత పాఠంలో రాసి, అక్కడితో ఆగిపోయాను. అది నా పొరపాటే. ఆ మాట చదివి, 6ఎల్6జీసీకి తయారైన ఆంప్లిఫయర్‌లో ఈఎల్34లు పెట్టినవారికి ట్రాన్స్‌ఫార్మర్ చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కింది. కారణం వాల్వును లోపలినుంచి వేడెక్కించే తీగ, అంటే హీటరు, లాగే కరెంటు. 6.3 వోల్టుల దగ్గర 6ఎల్6జీసీ హీటరుకు 0.9 యాంపియర్లు చాలు, ఈఎల్34కు 1.5 కావాలి. నాలుగు వాల్వులు మార్చితే అదనపు భారం 2.4 యాంపియర్లు. పైగా ఈఎల్34లో మూడో గ్రిడ్డు (లోపలి తీగల జల్లెడ) 1వ పిన్నుకు వస్తుంది. 6ఎల్6జీసీ సర్క్యూట్‌లో ఆ పిన్ను ఖాళీగా ఉండవచ్చు, లేదా మరేదో తీగకు ఆధారంగా వాడుకుని ఉండవచ్చు. కనుక మీ ఆంప్లిఫయర్ ఏ వాల్వుకు తయారైందో ఆ వాల్వునే కొనండి.

పిన్నులు శుభ్రం చేయడం, గాజు లోపలి వెండి పూత తెల్లబడిన వాల్వును పక్కన పడేయడం మీకు తెలిసిన పనులే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. పేరు గురించి మాత్రం ఒక్క మాట: ఈనాడు మల్లార్డ్ అనే పాత బ్రిటిష్ కంపెనీ ముద్రతో వచ్చే కొత్త వాల్వులు ఇంగ్లండ్‌లోని పాత కర్మాగారంవి కావు, రష్యాలోని సరాతోవ్‌లో తయారైనవి. పేరు చూసి అదనపు ధర పెట్టకండి.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే విషయం ‘మ్యాచ్‌డ్ పెయిర్’ అన్న చీటీ. రెండు వాల్వులు ఒక వోల్టేజి దగ్గర, ఒక బయాస్ (వాల్వు కరెంటును అదుపులో ఉంచే గ్రిడ్డు వోల్టేజి) దగ్గర సమానమైన కరెంటు లాగాయన్నదే ఆ చీటీ చెప్పే సంగతి. ఆ వోల్టేజి ఎంతో చాలా పెట్టెల మీద ఉండదు. బలహీనపడిన రెండు వాల్వులు కూడా చక్కగా జోడీ కుదరవచ్చు. నేను కొన్న ఒక జతలో రెండు పెట్టెల మీదా నీలి సిరాతో 36 అని రాసి ఉంది. వాటిని నా ఆంప్లిఫయర్‌లో, 430 వోల్టుల ప్లేటు (కరెంటును అందుకునే లోపలి లోహపు రేకు) మీద అరగంట వేడెక్కనిచ్చి చూస్తే ఒకటి 38, రెండోది 47 మిల్లీయాంపియర్లు లాగాయి. రెండు వాల్వులు చెరో సగం పని పంచుకునే పుష్‌పుల్ ఆంప్లిఫయర్‌లో ఇంత తేడా ఉంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కోరు ఒకవైపు అయస్కాంతీకరణ చెంది మంద్రస్వరాలు చెదురుతాయి, హమ్ము కూడా పెరుగుతుంది.

కాబట్టి కొలత మీ ఆంప్లిఫయర్‌లోనే జరగాలి. ఫిక్స్‌డ్ బయాస్ (బయాస్‌ను విడిగా సరఫరా చేసే) సర్క్యూట్‌లో ఒక్కో కేథోడుకూ (ఎలక్ట్రాన్లను వదిలే భాగం) చాసిస్‌కూ (లోహపు పెట్టె) మధ్య 1 ఓమ్ రెసిస్టరు ఉంటే, దాని మీద మల్టీమీటరు చూపే మిల్లీవోల్టులే మిల్లీయాంపియర్లు. ఈఎల్34 ప్లేటు భరించగలిగేది 25 వాట్లు. నేను అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు దాటనివ్వను. దాన్ని 430తో భాగిస్తే సుమారు 40 మిల్లీయాంపియర్లు. ఆ లెక్కన నా జతలోని రెండో వాల్వు 20 వాట్ల పైన నడుస్తోంది. కేథోడు దగ్గరి అంకెలో స్క్రీన్ గ్రిడ్డు (రెండో గ్రిడ్డు) కరెంటు కూడా కలిసి ఉంటుంది. ప్లేటు వాటా ఇంకొంచెం తక్కువే కనుక ఈ లెక్క క్షేమం వైపే మొగ్గుతుంది. నేను ఇప్పుడు జతలు కొనడం మానేశాను. ఒకే తయారీకి చెందిన నాలుగు విడి వాల్వులు తెచ్చి, రెండు రోజులు నడిపి, దగ్గరగా ఉన్న రెండింటిని ఎంచుకుంటాను. స్లొవేకియాలో తయారయ్యే జేజే వాల్వులు నాకు ఈ పద్ధతిలో బాగా కుదిరాయి.

పాత వాల్వు తీసి కొత్తది పెట్టినా దాని ప్లేటు కూడా కాలి ఎర్రబడిందని నాకు చెప్పినవారు వెంటనే ఆంప్లిఫయర్ ఆపి, రెండు వాల్వుల స్థానాలు మార్చి, ప్లేటు మీదే కన్నుంచి మళ్లీ వేయండి. ఎరుపు వాల్వుతో పాటు జరిగితే దోషం వాల్వుది. అదే సాకెట్‌లో నిలిచిపోతే, ముందు దశ నుంచి సంకేతాన్ని తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతూ ఉండవచ్చు, లేదా ఆ సాకెట్‌కు బయాస్ అందకపోవచ్చు. అప్పుడు ఎన్ని కొత్త వాల్వులు తెచ్చినా పాడవుతూనే ఉంటాయి.

అభ్యాసం: స్పీకరు తగిలించకుండా ఆంప్లిఫయర్ వేయకండి. ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉంటుంది కాబట్టి, మీటరు తీగలను ముందే క్లిప్పులతో బిగించి, ఒక చేతిని వెనక్కి పెట్టుకుని కొలవండి. నెల రోజుల పాటు వారానికి మూడుసార్లు, వేసిన 5 నిమిషాలకూ 30 నిమిషాలకూ ప్రతి వాల్వు అంకెనూ, ప్లేటు వోల్టేజినీ ఒక నోటుబుక్కులో తేదీతో రాయండి. ఏ వాల్వు అంకె 30 నిమిషాల తర్వాత కూడా ఎక్కుతూనే ఉంటుందో దాని కింద గీత పెట్టండి. ఈసీసీ83 (ముందు దశలో వాడే చిన్న వాల్వు) పాఠం ఆ పుస్తకం ముందు పెట్టుకుని మొదలుపెడదాం.